కరెంటు లారీకి సర్కారు సొమ్ము – మన బాడుగ బండ్ల వాళ్లకు అందేదెట్లా?

మా హాస్టల్ హాజరు పట్టీ ముందర పెట్టుకుని ఇంటింటి సంగతి అడిగితే, లారీతో ఏ సంబంధమూ లేని ఇల్లు కొద్దిగానే కనబడుతుంది. ఒకరి నాన్న డ్రైవరు. ఒకరి మామ క్లీనరు. ఇంకొకరి అన్న తాడిపత్రిలో బండల లోడు ఎత్తే హమాలీ. మన జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతం, అదీ అదును తప్పి పడుతుంది. శనక్కాయ ఎండిపోయిన ఏడు చేను వదిలి లారీ ఎక్కినవాళ్లు మళ్లీ చేలోకి దిగడం అరుదు. అందుకని ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా విజ్ఞానదాయకమైన వ్యాసం రాయమన్నప్పుడు మేము లారీల గురించే రాయాలనుకున్నాము. అయితే ఇప్పుడున్న లారీల గురించి కాదు, రాబోయే లారీల గురించి.

డీజిల్ ఇంజను లేకుండా, బ్యాటరీలో కరెంటు నింపుకుని మోటారుతో నడిచే బండిని ఎలక్ట్రిక్ ట్రక్కు అంటున్నారు. దానికి పొగగొట్టమే ఉండదు కాబట్టి ‘జీరో ఎమిషన్’ వాహనం, అనగా పొగ వదలని వాహనం అని కూడా పేరు. మన దేశంలో తిరిగే మొత్తం వాహనాల్లో డీజిల్ లారీలు 3 శాతమే గానీ, రవాణా రంగం నుండి వచ్చే వేడి వాయువుల్లో 42 శాతం వాటివేనని కేంద్ర ప్రభుత్వమే చెబుతున్నది. మరి ఆ కరెంటు ఎక్కడిది, బొగ్గుదే కదా అని మాలో ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. పక్క కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లది, అది బొగ్గుతోనే నడుస్తుంది. అయితే మనకు ఎన్.పి. కుంటలో సోలార్ పార్కు ఉంది, తాడిపత్రి దగ్గర తలారిచెరువులో ఇంకొకటి ఉంది, రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుండే తిరుగుతున్నాయి. (ఎన్.పి. కుంట, రామగిరి 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ ఎండా గాలీ మనవే!) పంటను మాడ్చిన ఎండతోనే పగటిపూట లారీ బ్యాటరీ నింపుకోవచ్చు. ఈ విషయంలో మన పీఠభూమికి ఉన్న వసతి చాలా జిల్లాలకు లేదు.

ఇక అసలు విషయానికి వస్తాము. కరెంటు లారీ ధర డీజిల్ లారీ ధరకు రెండు, మూడు రెట్లు ఉంటుంది. అంత డబ్బు పెట్టి ఎవరు కొంటారు? అందుకే ప్రభుత్వం ముందుకొచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్రం 10,900 కోట్ల రూపాయలతో ‘పీఎం ఈ-డ్రైవ్’ అనే పథకం తెచ్చింది. అందులో లారీలకు 500 కోట్లు కేటాయించారు. దాని నియమాలను 2025 జూలైలో భారీ పరిశ్రమల మంత్రి కుమారస్వామి విడుదల చేశారు. లారీ కొనేవానికి కేంద్రం నేరుగా సాయం చేయడం అదే మొదటిసారి. ఇంతకుముందు 2019 నుండి 2024 వరకు నడిచిన ‘ఫేమ్-2’ పథకంలో స్కూటర్లు, ఆటోలు, కార్లు, బస్సులు ఉన్నాయి గానీ లారీలు లేవు.

నియమాలు ఇలా ఉన్నాయి. బండి, లోడు కలిపి మూడున్నర టన్నుల నుండి 55 టన్నుల వరకు తూగే లారీలకు ఈ సాయం వర్తిస్తుంది. బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్-అవర్‌కు (మన ఇంటి మీటరు లెక్కలో ఒక యూనిట్ అన్నమాట) 5,000 రూపాయలు గానీ, ఫ్యాక్టరీ ధరలో 10 శాతం గానీ, ఏది తక్కువైతే అది ఇస్తారు. ఎంత పెద్ద బండికైనా 9.6 లక్షలు మించదు. దేశం మొత్తం మీద సుమారు 5,600 లారీలకు ఈ డబ్బు సరిపోతుంది, అందులో 1,100 దాకా ఢిల్లీ నగరానికే అనుకున్నారు. సబ్సిడీ కోసం ఓనరు ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. కంపెనీ ఆ మేరకు ధర తగ్గించి బండి ఇస్తుంది, తర్వాత ప్రభుత్వం నుండి తను రాబట్టుకుంటుంది. ఈ పద్ధతి మాకు బాగా నచ్చింది. సబ్సిడీ తర్వాత వస్తుంది, ముందు నువ్వు కట్టు అంటే మన వాళ్లు వడ్డీకి తెచ్చి కట్టాలి, సబ్సిడీ వచ్చేసరికి వడ్డీ దాన్ని మింగేస్తుంది.

ఇంకొక షరతు ఉంది. పాత లారీ ఒకదాన్ని తుక్కు కింద ఇచ్చినట్టు గుర్తింపు పొందిన కేంద్రం నుండి సర్టిఫికెట్ చూపాలి. పొగ కక్కే పాత బండి రోడ్డు మీద నుండి పోవాలి కాబట్టి ఈ షరతు న్యాయమైనదే. కానీ పది బండ్లున్న ఆసామికి ఒక పాత బండి తుక్కుకు వేయడం తేలిక. ఒక్కటే పాత బండి ఉన్నవానికి అదే అన్నం ముద్ద. ఎన్నడూ లారీ లేని ఇంటి నుండి వచ్చే కుర్రవానికి ఆ సర్టిఫికెట్ సంపాదించడం మరో మెట్టు ఎక్కడమే. మన దేశంలో లారీలు ఎక్కువ భాగం ఐదు బండ్ల లోపు ఉన్న చిన్న ఓనర్ల చేతుల్లోనే ఉన్నాయి. కాబట్టి ఈ పథకం మంచిచెడ్డలు పెద్ద కంపెనీల దగ్గర కాదు, ఈ చిన్న ఓనరు దగ్గర చూడాలని మా అభిప్రాయం.

అందుకని మేము కాగితం పెన్సిలు తీసుకుని ఒక లెక్క వేశాము. ఇవి మేము ఊహించుకున్న అంకెలు, ఏ కంపెనీ ధరలూ కావు. మీరు మీకు తెలిసిన అంకెలు పెట్టి మళ్లీ వేసుకోవచ్చు.

డీజిల్ లారీ 45 లక్షలు అనుకుందాం. ఐదో వంతు మన చేతి డబ్బు, మిగతా 36 లక్షలు ఫైనాన్సు. 10 శాతం వడ్డీ, 5 ఏళ్లు. నెలకు కంతు సుమారు 76,500 రూపాయలు. అదే పని చేసే కరెంటు లారీ కోటీ ఇరవై లక్షలు అనుకుందాం. ప్రభుత్వం 9.6 లక్షలు తగ్గించింది. మిగిలిన దానిలో ఐదో వంతు, అనగా 22 లక్షలు చేతి డబ్బు పెట్టాలి. (ఇక్కడే మాలో చాలామంది పెన్సిలు కింద పెట్టేశారు.) మిగతా 88 లక్షలు అప్పు. కొత్త రకం బండి, పాతబడితే ఎంతకు అమ్ముడుపోతుందో తెలియదు కాబట్టి ఫైనాన్సు వాళ్లు వడ్డీ ఎక్కువ అడుగుతారు. 12 శాతం వేసుకున్నాము. కంతు నెలకు 1,96,500 అయింది. అంటే డీజిల్ బండి కన్నా నెలకు లక్షా ఇరవై వేలు ఎక్కువ.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. పెద్ద లోడు బండి లీటరుకు 3 కిలోమీటర్లు ఇస్తుందనీ, లీటరు డీజిల్ 97 రూపాయలనీ వేసుకుంటే కిలోమీటరుకు 32 రూపాయలు. మన ఓనర్లు సరిహద్దు దాటి కర్ణాటక బంకుల్లో ట్యాంకు నింపుకునేది అక్కడ లీటరు మీద కొంత తగ్గుతుందనే. కరెంటు బండి కిలోమీటరుకు సుమారు 1.4 యూనిట్లు తాగుతుందనీ, ఛార్జింగ్ దగ్గర యూనిట్ 10 రూపాయలనీ వేసుకుంటే 14 రూపాయలు. మిగిలేది కిలోమీటరుకు 18 రూపాయలు. నెలకు ఎక్కువ కట్టవలసిన లక్షా ఇరవై వేలను 18తో భాగిస్తే 6,600 చిల్లర కిలోమీటర్లు వస్తుంది. అంటే ఆదివారం, పండగ, రిపేరు అనకుండా రోజుకు 220 కిలోమీటర్లు తిరిగితేనే డీజిల్ లారీతో సమానం. టైర్లు, డ్రైవరు బత్తా, టోలు రెండింటికీ ఉన్నవే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. కరెంటు బండికి ఇంజనాయిల్ ఖర్చు లేదు, అది లాభం. బ్యాటరీ బరువు టన్నుల్లో ఉంటుంది కాబట్టి ఆ మేరకు లోడు తగ్గవచ్చు, అది నష్టం.

తాడిపత్రి నుండి బెంగళూరుకు సిమెంటు తోలే బండికి ఒక పోక 270 కిలోమీటర్ల ప్రాంతం. రోజూ లోడు దొరికితే 220 కష్టం కాదు. కానీ లోడు దొరకాలి కదా! సీరియల్ వచ్చేదాకా రోజుల తరబడి యార్డులో నిలబడే బండ్లు మనకు తెలుసు. నెలకు 4,000 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 72,000. కంతులో 48,000 చేతి నుండి పడుతుంది. డీజిల్ బండి నిలబడితే డీజిలైనా ఖర్చు కాదు. కరెంటు బండికి ఖర్చంతా కంతులోనే ఉంది కాబట్టి అది నిలబడితే ఓనరు మునిగినట్టే.

ఇంతవరకు వేసి, ఊరికే ఉండలేక లెక్కను తిప్పి చూశాము. సబ్సిడీ అసలే లేకపోతే కంతు ఎంత? 2,13,500. అంటే 9.6 లక్షల సబ్సిడీ వల్ల నెలకు తగ్గేది 17,000 మాత్రమే. మరి సబ్సిడీ అట్లాగే ఉంచి, వడ్డీ కూడా 12 శాతమే ఉంచి, అప్పు గడువును 5 ఏళ్ల నుండి 8 ఏళ్లకు పెంచితే? కంతు 1,43,500కు దిగింది. ఒక్క దెబ్బకు నెలకు 53,000 తగ్గింది. దాని మీద వడ్డీని 8 శాతానికి తగ్గిస్తే 1,25,000 ప్రాంతానికి వచ్చింది. అప్పుడు డీజిల్ బండితో తేడా 48,500. నెలకు 2,700 కిలోమీటర్లు తిరిగితే చాలు, రోజుకు 90. యార్డులో నాలుగు రోజులు నిలబడినా బండి మనదే.

గడువు పెంచితే మొత్తం మీద కట్టే వడ్డీ పెరుగుతుంది, నిజమే. 12 శాతం మీదే 8 ఏళ్లు కడితే సుమారు 20 లక్షలు ఎక్కువ కడతాము. లెక్కల మాస్టారికి చూపిస్తే ఇది నష్టమే అంటారు. కానీ మూడు కంతులు తప్పితే ఫైనాన్సు వాళ్లు రోడ్డు మీదే బండి ఆపి తీసుకుపోతారు. మాలో ఒకరింట్లో అలాగే జరిగింది. అంతకు ముందు కట్టిన 31 కంతులూ ఎక్కడికి పోయాయని అడిగే దిక్కు లేదు. చిన్న ఓనరుకు ఎనిమిదేళ్ల తర్వాతి లాభనష్టం కన్నా ఈ నెల పదో తేదీ గడవడం ముఖ్యం.

మరి బ్యాంకులు 8 ఏళ్లు ఎందుకు ఇవ్వవు? బ్యాటరీ అన్నాళ్లు పనిచేస్తుందో లేదో అని భయం. ఈ భయాన్ని ప్రభుత్వం తన మీద వేసుకోవచ్చు. అప్పు మునిగితే ఇంత భాగం మేము భరిస్తామని ష్యూరిటీ ఉంటే బ్యాంకు గడువు పెంచుతుంది, వడ్డీ తగ్గిస్తుంది. ష్యూరిటీకి ముందే డబ్బు మొత్తం ఖర్చు కాదు, మునిగిన అప్పులకే కట్టాలి. కాబట్టి ఉన్న సొమ్మును బండి ధర తగ్గించడానికే పెట్టడం కన్నా, కొంత భాగమైనా ష్యూరిటీగా నిలపడం చిన్న ఓనర్లకు మేలని మా లెక్క చెబుతున్నది.

లోడు సంగతి కూడా అంతే ముఖ్యం. మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2022 సెప్టెంబరు నుండి తిరుమల ఘాటు మీద ఆర్టీసీ వారు కరెంటు బస్సులు నడుపుతున్నారు. తిరుపతికి వచ్చినవి మొత్తం 100 బస్సులు. వీటికి ఫేమ్-2 కింద సాయం అందింది. ఆ పథకంలో బస్సు సైజును బట్టి 35 లక్షల నుండి 55 లక్షల దాకా ఇచ్చారు, అంటే యూనిట్ బ్యాటరీకి 20,000 రూపాయలు. లారీకి ఇప్పుడు ఇచ్చేది అందులో నాలుగో వంతు. కానీ అసలు బలం సబ్సిడీలో లేదు. బస్సులు కంపెనీవి, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని ఏళ్ల తరబడి కట్టేందుకు ఒప్పందం రాసుకున్నది. జనం ఎక్కినా ఎక్కకున్నా తిరిగిన కిలోమీటర్లకు డబ్బు వస్తుంది. అటువంటి కాగితం చూపిస్తే ఏ బ్యాంకైనా అప్పు ఇస్తుంది. (ఘాటు దిగేటప్పుడు మోటారే బ్రేకుగా పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. తిరుమల వెళ్లినప్పుడు మీటరు గమనించండి.)

లారీలకు కూడా ఇట్లా చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్, తాను 150 కరెంటు లారీలు తీసుకుంటాననీ, కిరాయికి పెట్టుకునే బండ్లలో కనీసం 15 శాతం కరెంటువి ఉండేట్టు చూస్తాననీ చెప్పింది. మన తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. గని నుండి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుండి రైలు స్టేషనుకు, అరటి తోటల నుండి తాడిపత్రికి పోయే తోలకాలన్నీ తక్కువ దూరం, రోజూ ఒకే దారి. ఇటువంటి దారికే కరెంటు బండి బాగా సరిపోతుంది. ఛార్జింగ్ ఒకచోట పెడితే చాలు. దూరపు ప్రయాణాలకు ఇంకా ఇబ్బందే. పీఎం ఈ-డ్రైవ్‌లో ఛార్జింగ్ కేంద్రాలకు 2,000 కోట్లు ఉన్నా, మొదట వేసిన లెక్కలో 22,100 ఫాస్ట్ ఛార్జర్లు కార్లవంటి నాలుగు చక్రాల బండ్లకు, 1,800 బస్సులకు, 48,400 స్కూటర్లు ఆటోలకు అన్నారు. లారీకి అని విడిగా పేరు లేదు. కాసేపల్లి టోల్‌గేటు దాటి మరూరు టోల్‌గేటు దాకా లోడుతో పోయే బండికి పక్కకు తీసి ఛార్జింగ్ పెట్టుకోను లారీ పట్టేంత జాగా కావాలి గదా. కారు పట్టే జాగా చాలదు.

పనికీ బండికీ ఉన్న ముడి తెగితే ఏమవుతుందో కూడా మన రాష్ట్రమే చూసింది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 బండ్లు ఇచ్చారు. ఒక్కోటి 5.81 లక్షలు. 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం మాత్రమే మనం కట్టింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితర కార్పొరేషన్ల ద్వారా నిరుద్యోగులకు ఇచ్చారు కాబట్టి మా ఊళ్ల అన్నలకూ వచ్చాయి. నెలనెలా పని ఖాయం. 2025 జూన్ 1 నుండి రేషన్ మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. ఆ పథకం మంచిదా, ఈ పద్ధతి మంచిదా అనే వాదన మా సంచికకు వద్దు. బండ్లు నడిపినవాళ్లకే వదిలేస్తామని ప్రభుత్వం చెప్పింది కూడా. కానీ బియ్యం తూచి ఇవ్వడానికే ప్రత్యేకంగా కట్టిన బండికి వేరే బాడుగ వెతుక్కోవడం ఎంత కష్టమో ఆ అన్నలను అడిగితే తెలుస్తుంది. కోటి రూపాయల లారీకి అటువంటి పరిస్థితి వస్తే తట్టుకునే ఇల్లు మన పేటల్లో లేదు. అందుకే పని ఒప్పందం కనీసం అప్పు తీరేదాకా ఉండాలి.

ఇంకొక ప్రమాదం ఉంది. ఇది అమెరికా సంగతి. కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజిలిస్ రేవు వాళ్లు 2008లో పొగ లారీలను దశలవారీగా నిషేధించి, కొత్తవాటికి డబ్బు సాయం చేశారు. చాలామంది డ్రైవర్లకు సొంతంగా కొనే తాహతు లేక, రవాణా కంపెనీలే లారీలు తెచ్చి డ్రైవర్లకు లీజుకిచ్చాయి. వారం వారం జీతంలో నుండి కంతు పట్టుకునేవారు. కొందరికి వారం చివర చేతికి వచ్చేది ఏమీ ఉండేది కాదు. పని మానేస్తే, లేక వాళ్లు మాన్పిస్తే, అప్పటిదాకా కట్టిందంతా పోయేది, లారీ కంపెనీదే. 2017లో యూఎస్ఏ టుడే పత్రిక ఈ సంగతులను వివరంగా బయటపెట్టింది. గాలి బాగుపడింది, డ్రైవరు మునిగాడు. మన దగ్గర కూడా పెద్ద కంపెనీ సబ్సిడీ తీసుకుని బండి కొని, ‘ఓనరు కమ్ డ్రైవరు’ అని పేరు పెట్టి కుర్రవాళ్ల చేత నడిపించుకునే రోజు రావచ్చు. ఆర్.సి.లో పేరు ఎవరిదన్నదే అక్కడ చూడవలసింది.

ఆ పక్కన చైనాలో వేగం ఇంకోలా ఉంది. 2025 మొదటి ఆరు నెలల్లో అమ్ముడైన భారీ లారీల్లో ఐదింట ఒకటికి పైగా డీజిలు కాని కొత్తరకంవే, వాటిలో అత్యధికం కరెంటువి. ఆ గాలి మన జాతీయ రహదారి 44 మీదికి రావడానికి ఎంతో కాలం పట్టదని మాకనిపిస్తుంది. అప్పటికి మన డ్రైవర్లు, మెకానిక్కులు ఏ స్థితిలో ఉంటారన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం. ఇంజను విప్పి బిగించడం నేర్చిన చేతులకు బ్యాటరీ పని ఎవరు నేర్పుతారు? ఐటీఐ చదువుతున్న మా అన్నలు వచ్చే సంచికకు రాస్తామన్నారు.

మన వాళ్లకు ఉన్న దారులేమిటంటే, 1974లో ఏర్పడిన ఎస్సీ కార్పొరేషన్ ఉంది. రవాణా బండ్లకు అది ఎప్పటినుండో సాయం చేస్తున్నది గానీ ఆ మొత్తాలు ఆటోకో, చిన్న ట్రాలీకో సరిపోతాయి. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ‘స్టాండప్ ఇండియా’ పథకం కింద ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుండి కోటి రూపాయల దాకా అప్పు, తీర్చడానికి 7 ఏళ్ల గడువు ఇచ్చారు. మొదట 25 శాతం ఉన్న మార్జిన్ మనీని 2021లో 15 శాతానికి తగ్గించారు. చూడండి, మా లెక్కలో కావాలన్న పొడుగు గడువు ప్రభుత్వం తలచుకుంటే కుదిరింది! ఆ పథకం గడువు 2025 మార్చితో ముగిసింది. మొదటిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 2 కోట్ల దాకా టర్మ్ లోన్లు ఇచ్చే కొత్త పథకాన్ని 2025 ఫిబ్రవరి బడ్జెట్లో ప్రకటించారు. దీన్నీ పీఎం ఈ-డ్రైవ్‌నూ కలిపి వాడుకునే వీలు కల్పిస్తే మన జిల్లా కుర్రవాడు సొంత పేరు మీద ఆర్.సి. చూడగలడు. బ్యాటరీ బండ్లకు పర్మిట్ అక్కరలేదని 2018 అక్టోబరులోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి ఆ తిప్పట కూడా తప్పింది.

ఎవరైనా ఇంట్లో ఈ మాట ఎత్తితే వారంటీ కాగితం మాత్రం ముందు చదవమని చెప్పండి. పీఎం ఈ-డ్రైవ్ నియమాల ప్రకారం బ్యాటరీకి 5 ఏళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మోటారుకూ, బండికీ 5 ఏళ్లు లేదా రెండున్నర లక్షలు. నెలకు 6,600 కిలోమీటర్లు తిరిగినా 5 లక్షలు నిండేసరికి ఆరేళ్లు దాటుతుంది, కాబట్టి ఏళ్ల గడువే ముందు అయిపోతుంది. అప్పు 8 ఏళ్లకు తీసుకుంటే చివరి 3 ఏళ్లు బ్యాటరీ బాధ్యత ఎవరిదో, మార్చవలసి వస్తే ఎంత ఖర్చో డీలరు చేత రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే సంతకం పెట్టాలి.